టోక్యోలో వెజ్ రామెన్ దొరుకుద్దా అన్నా?

(టోక్యో రోజులు - 6)

పోయిన వారం ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. పీజీ చదువుతోంది. మన పిల్లే. జపాను వాళ్ల స్కాలర్‌షిప్ వచ్చి టోక్యో పోతోంది. "అన్నా, నువ్వు అక్కడ ఉండొచ్చావు కదా. వెజ్ రామెన్ దొరుకుద్దా? రెండేళ్లయింది నేను వీగన్ అయ్యి. పాలు, పెరుగు కూడా మానేశా. గ్రూపులో అడిగితే మనోళ్లు ఏడిపిస్తారని నీకు విడిగా అడుగుతున్నా."

ఆ ఆఖరి మాట దగ్గర ఆగిపోయా. ఎందుకంటే ఏడిపించే మనోళ్లలో నేనూ ఉన్నా. నాలుగేళ్ల కిందట ఒక మీటింగులో ఒక తమ్ముడు బిర్యానీ వద్దంటే "ఏరా, ఎప్పుడు జంధ్యం వేసుకున్నావ్" అని అందరి ముందూ అన్నా. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. తర్వాత మీటింగులకి రావడం తగ్గించాడు. దానికి కారణం ఇదేనో కాదో నేను అడగలేదు.

ఆ పిల్ల మాంసం మానడానికి కారణం మడీ కాదు, మైలా కాదు. వాళ్ల నాయనమ్మకి ఒక బర్రె ఉండేదట. దూడ చచ్చిపోతే, దాని తోలులో గడ్డి కూరి బర్రె ముందు పెట్టి పాలు పిండేవాళ్లు. అది చూసిన రోజు నుంచీ పాలు గొంతు దిగలేదంది. పేరు రాయనంటే ఈ సంగతి ఇక్కడ రాయడానికి ఒప్పుకుంది.

దొరుకుద్ది చెల్లీ. కానీ దాని కోసం నేను మూడు నెలలు తిరిగా. అదీ నా కోసం కాదు. ఆ కథ రాయకుండా షాపు పేరు ఒక్కటి చెబితే నాకు తృప్తిగా ఉండదు.

2019లో కంపెనీ నన్ను 11 నెలలకి టోక్యో పంపింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. టీములో ఆరుగురం తెలుగోళ్లం. ఐదుగురు శాకాహారులు, ఆరోవాణ్ణి నేను. ఉండేది నిషి-కసాయ్‌లో. ఎదొగావా వార్డు, తోజాయ్ మెట్రో లైను. వైటూకే టైములో వచ్చిన ఇండియా ఇంజనీర్లు అక్కడ ఇళ్లు తీసుకోవడం మొదలుపెట్టారు, ఇప్పుడది టోక్యోలో మనోళ్ల పేట. కందిపప్పు దొరుకుద్ది, ఆవకాయ సీసా దొరుకుద్ది, "మీరేవిట్లు" అని అడిగేవాళ్లూ దొరుకుతారు.

మొదటి రోజు మధ్యాహ్నం మా లీడు గారు అడిగారు. "నువ్వు వెజ్జా, నాన్ వెజ్జా?"

ఈ ప్రశ్న మన దగ్గర కూరగాయల గురించి కాదని చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు. "అన్నీ తింటానండి" అన్నా.

"అన్నీ అంటే?" నవ్వుతూనే అడిగారు.

"కోడి, మేక, చేప..." అక్కడ ఆపేశా.

2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ జరిగితే బిర్యానీ వడ్డించిన చేతులు ఇవి. అంతమంది మధ్య నినాదాలిచ్చినవాణ్ణి, టోక్యోలో మూడో పేరు దగ్గర ఆగిపోయా. కంపెనీ ఇచ్చిన ఫ్లాటులో ముగ్గురం ఉండేవాళ్లం, వంటగది ఒక్కటే. దాని గురించి ఆ పూట అంతకంటే ఆలోచించలేదు. మూడు పేర్లు చెప్పా, ఊరుకున్నారు, బతుకు సాగింది.

వచ్చిన నెలలోనే అందరికీ రామెన్ పిచ్చి పట్టింది. జపాను వచ్చి రామెన్ తినకుండా ఎట్లా, ఫోటో పెట్టకుండా ఎట్లా? కానీ వెజ్ కావాలి. ఎవరు వెతకాలి? "నువ్వైతే అన్నీ తింటావు కదా, ముందు నువ్వెళ్లి రుచి చూసి చెప్పు" అన్నారు లీడు గారు. పూర్వం రాజులకి అన్నంలో విషముందేమో చూసి పెట్టేవాడు ఒకడుండేవాడట. ఆ ఉద్యోగం నాకొచ్చింది.

ముందు రామెన్ అంటే ఏంటో చెప్పాలి, ఎందుకు కష్టమో అర్థం కావాలంటే. బయటికి చూస్తే పొగలు కక్కే గిన్నెలో నూడుల్సు, పైన రెండు మాంసం ముక్కలు, సగానికి కోసిన గుడ్డు, ఉల్లికాడలు, ఒక నోరి ఆకు. ముక్కలూ గుడ్డూ తీసేస్తే వెజ్ అయిపోద్దనుకుంటారు మనోళ్లు. నేనూ అట్లాగే అనుకున్నా. కానీ రామెన్‌లో అసలు సంగతి చారు. పంది బొమికలో, కోడి బొమికలో గంటల తరబడి కాస్తారు. తోన్‌కోత్సు అనే రకంలో పంది బొమికల్ని ఎంతసేపు మరిగిస్తారంటే లోపలి మూలుగ కరిగి చారు పాలలాగా తెల్లబడుద్ది. బొమికలు వెయ్యని చోట ఎండు నెత్తళ్ల లాంటి చిన్న చేపలు వేస్తారు. లేదంటే కాట్సుఒబుషి. పొగబెట్టి ఎండబెట్టిన చేప అది, చేవ కర్రలాగా గట్టిగా ఉంటుంది, వడ్రంగి చిత్రిక పట్టినట్టు పొరలు తీస్తారు. గిన్నె అడుగున ముందు తారే అని ఒకటి పోస్తారు, ఉప్పుదో సోయా సాసుదో మీసోదో, దాంట్లో కూడా చేప ఉండొచ్చు. చివర్న పైన వాసన కోసం ఒక చెంచా నూనె, అది పందికొవ్వో కోడికొవ్వో. నూడుల్సులో క్షారపు నీళ్లు కలుపుతారు, కొందరు గుడ్డు కూడా. అంటే పైన కనపడే ముక్కలు తీసేసినా లోపల పంది అట్లాగే ఉంటుంది.

భాష ఇంకో చిక్కు. నికు అంటే మాంసం. "నికు లేకుండా" అని అడిగితే వాళ్లు నిజాయితీగా ముక్కలు తీసేసి ఇస్తారు. చారులో బొమికలున్నాయా అని విడిగా అడగాలి. చేప నికు కాదు, అదీ విడిగా అడగాలి. మెనూలో యసాయ్ రామెన్ అని కనపడితే ఎగిరి గంతేసి లోపలికి పోకండి. యసాయ్ అంటే కూరగాయలు, నిజమే, క్యాబేజీ మొలకలు గుట్టగా వేస్తారు, వేసేది పంది చారులోనే. ప్యాకెట్ల మీద చూసుకోవడం కొంచెం నయం, ఎలర్జీ పదార్థాల జాబితాలో పంది, గొడ్డు, కోడి, జెలటిన్ కూడా చాలా కంపెనీలు రాస్తాయి. నేను ఒక కాయితం మీద పది కంజి అక్షరాలు రాసుకుని జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణి. జపాను భాషలో నేను చదవడం నేర్చుకున్న మొదటి అక్షరం పంది.

మొదటి దండయాత్ర ఆఫీసు దగ్గర సందులో ఒక షాపు. పది కుర్చీలు, ఎదురుగా పొయ్యి. బయట మిషన్లో డబ్బులేసి టికెట్టు తీసుకోవాలి. ఆరుగురం నిలబడ్డాం. నాకొచ్చిన నాలుగు ముక్కల్లో అడిగా. షాపాయన పెద్దాయన, తలకి తువ్వాలు కట్టుకున్నాడు. చారు పంది అన్నాడు. సోయా సాసూ నూడుల్సూ కలిపి ఉత్తవి ఇస్తారా అన్నా. ఇస్తానన్నాడు పాపం, అంత రద్దీలో. అప్పుడు వెనకనుంచి లీడు గారు, "నూడుల్సు ఉడకబెట్టే గిన్నె వేరేనా అడుగు" అన్నారు.

నేను అడగలేదు. అడగడానికి జపాను మాటలు రాక కాదు. 'వేరే గిన్నె' అనే మాట నా నోట్లోంచి రాలేదు. మా ఊళ్లో టీ కొట్టు చూరులో మా నాయన గ్లాసు వేరే ఉండేది. నేను పుట్టేనాటికి తీసేశారనుకునేరు, నాకు ఏడేళ్లప్పుడు కూడా ఉంది. దాన్ని తాగినాక కడిగి చూరులో పెట్టాలి. "ఒకటే గిన్నె అంటండీ" అని పెద్దాయన్ని అడక్కుండానే చెప్పేశా. ఆరుగురం బయటికొచ్చేశాం. పెద్దాయన తల వంచి క్షమించమన్నాడు, తప్పు తనదైనట్టు.

మర్నాడు ఒక్కణ్ణే మళ్లీ పోయా. టికెట్టు తీసుకుని ఆఖరి కుర్చీలో కూర్చున్నా. గిన్నె ముందు పెట్టగానే ఆ వాసనకి నాకు మా ఇంటి వెనక వసారా కనపడింది.

మా ఇంట్లో అది పంది కాదు, పెద్ద మాంసం. ఆదివారం పొద్దున్నే నాయన పోయేవాడు. మెత్తటి ముక్క కొనే డబ్బులు పండక్కే ఉండేవి. మామూలు ఆదివారాలు బొమికలు, బోటి. అమ్మ మూలుగ బొమికల్ని మట్టి కుండలో వేసి, పసుపూ ఉప్పూ వేసి, మూడు రాళ్ల పొయ్యి మీద మధ్యాహ్నం దాకా వదిలేసేది. మంట పెద్దది కాకూడదు. పైన తేలిన నెయ్యిలాంటి దాన్ని గరిటెతో తీసి వేరే గిన్నెలో దాచేది, వారమంతా చింతచిగురు పప్పులో తాలింపుకి. చారు చిక్కబడి, చల్లారితే గడ్డకట్టేది. బొమికని రాతి మీద టక్ టక్ కొట్టి మూలుగ పీల్చడంలో నేనూ మా అక్కా పోటీలు పడేవాళ్లం. జొన్న సంకటిలో గుంట చేసి ఆ చారు పోసేది అమ్మ. కాలేజీలో చేరాక ఈ కూర పేరు ఎవరికీ చెప్పలేదు. ఇంటి నుంచి టిఫిను వచ్చిన రోజు హాస్టల్ మెట్ల కింద కూర్చుని తిన్నా. ఏ కాలేజీ అనేది వద్దు, అన్నీ అదే.

ఆ వంటకే ఇక్కడ జనం వాన కురుస్తున్నా గొడుగులేసుకుని లైన్లో నిలబడుతున్నారు. దాని మీద పుస్తకాలు రాస్తున్నారు. ఎన్ని గంటలు కాచావని పత్రికలు పెద్దాయన్ని అడుగుతాయి. మా అమ్మని ఎవరడిగారు? నేను ఆ పూట చారు చుక్క మిగల్చకుండా గిన్నె ఎత్తి తాగా. పెద్దాయన గుర్తుపట్టాడు. నిన్నొచ్చిన వాడివి కదా అన్నట్టు వేలు చూపించి, గుడ్డు సగం ఎక్కువ వేశాడు.

ఐదుగురి కోసం వెతుకులాట మాత్రం సాగుతూనే ఉంది. అఫురి అని ఒక పేరున్న చోట వీగన్ రామెన్ ఒకటి పెట్టారు, నూడుల్సులో తామర దుంప కలుపుతారు, రంగురంగుల కూరగాయలు వేస్తారు. మిగతా గిన్నెలన్నీ కోడీ చేపల చారు. అది వినగానే మావాళ్లు వద్దన్నారు. సొరానోఇరో అనే షాపులో క్యారెట్ గుజ్జుతో ఒక రకం చేసేవాళ్లు, నాకు నచ్చింది, అక్కడ కూడా పక్క పొయ్యి మీద పంది. చివరికి ఆఫీసులో ఒక జపాను సహోద్యోగి, నాకంటే పదేళ్లు పెద్దామె, కాయితం మీద బొమ్మ గీసి ఇచ్చింది. టోక్యో స్టేషన్ లోపల, కెయో స్ట్రీట్ అనే అంగళ్ల వరసలో, టీస్ తాన్‌తాన్.

స్టేషన్ లోపల అంటే టికెట్ గేట్లు దాటాక. మేం వచ్చేది మెట్రోలో, రైలు ఎక్కే పని లేదు. అందుకని ఆరుగురం ప్లాట్‌ఫాం టికెట్లు కొనుక్కుని లోపలికి పోయాం, రెండు గంటల్లో బయటికి రావాలి. ఆ షాపులో మాంసం లేదు, చేప లేదు, గుడ్డు లేదు, పాలు లేవు. తాన్‌తాన్ మెన్ వాళ్ల ప్రత్యేకం. నువ్వుల ముద్దతో చిక్కటి చారు, మిరప నూనె, పైన సోయా కైమా, ఆకుకూర. మొదటి చెంచా నోట్లో పెట్టుకుంటే నువ్వుల పచ్చడిలో ఎవరో వేడినీళ్లు పోసినట్టుంది. ఈ మాట మెచ్చుకోలుగానే అంటున్నా. బాగుంది చెల్లీ. ఏదో ఒకటి తినాలి కాబట్టి తినేదానిలా లేదు.

మావాళ్లు ఫోటోలు తీసుకుంటుంటే నేను చుట్టూ చూస్తూ కూర్చున్నా. పక్క బల్ల మీద కోటు వేసుకున్న ఇద్దరు ఆఫీసువాళ్లు, రైలుకి టైమయి గబగబా జుర్రుతున్నారు. తలకి గుడ్డ కట్టుకున్న ఇద్దరమ్మాయిలు, మలేషియానో ఇండోనేషియానో. ఒక తెల్లావిడ, చంటిబిడ్డ. వాళ్లలో మాంసం తిననివాళ్లు ఎందరో, రాత్రికి పోయి పంది తినేవాళ్లు ఎందరో ఎవరికీ పట్టలేదు. పంది తినకూడనివాడు, గుడ్డు పడనివాడు, జంతువు మీద జాలిపడేవాడు, ఊరికే ఆకలేసినవాడు, అందరూ కూర్చోవడానికి అక్కడ మాంసం తీసేశారు. మన హైదరాబాదులో 'ప్యూర్ వెజ్' బోర్డు పని దానికి తలకిందులు. కొందరు రాకుండా ఉండటానికి పెట్టిన బోర్డు అది. టూలెట్ బోర్డు మీద 'ఓన్లీ వెజిటేరియన్స్' అని రాసేది కూరల గురించి కాదు కదా. 2023లో ఐఐటీ బాంబే హాస్టల్ మెస్సులో శాకాహారులకి బల్లలు విడిగా వేస్తే, దానికి ఎదురు తిరిగిన విద్యార్థికి 10 వేల జరిమానా వేశారు. వంకాయ కూర రెండుచోట్లా ఒకటే.

గిన్నె ఖాళీ చేసి లీడు గారు తృప్తిగా మూతి తుడుచుకున్నారు. "చూశావా, ఎంతైనా బుద్ధుడి దేశం. వీళ్లకీ పూర్వం మాంసం నిషేధమేనట. శుద్ధి అంటే ఏంటో తెలిసిన జాతి." మిగతావాళ్లు తలూపారు. నేను నీళ్లు తాగా. నాకు అప్పటికి దానికి జవాబు తెలియదు.

సోమవారం పోయి బొమ్మ గీసిచ్చినామెకి థాంక్స్ చెప్పి, ఈ నిషేధం సంగతి అడిగా. ఆమె అటూ ఇటూ చూసింది. మన ఆఫీసుల్లో రిజర్వేషన్ మాటొస్తే జనం చూస్తారే, అచ్చం అట్లా. తర్వాత కాఫీ కొట్లో కూర్చున్నాక చెప్పింది, గొంతు తగ్గించి. ఆమె చెప్పిందాంట్లో కొంత, తర్వాత నేను చదువుకున్నది కొంత కలిపి రాస్తున్నా.

675లో తెన్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి తినొద్దని ఆజ్ఞ వేశాడు. ఏడాదంతా కాదు, వ్యవసాయం నెలల్లో. జింకా అడవిపందీ అందులో లేవు. తర్వాత తర్వాత బౌద్ధమూ, షింతో వాళ్ల కెగారే అంటే మైలా కలిసి, నాలుగు కాళ్ల జంతువు మాంసమే తప్పు అనేదాకా వచ్చింది. మరి పెద్దమనుషులు మానేశారా? మందు పేరుతో తిన్నారు, దానికి కుసురిగుయి అని పేరు కూడా పెట్టుకున్నారు, మందు తిండి అని. అడవిపందిని 'కొండ తిమింగలం' అని పిలిచి తిన్నారు, తిమింగలం చేపే కదా అని. నాకు నవ్వాగలేదు. మన దగ్గర సారా కాఫీ గ్లాసులో తాగేవాళ్లు గుర్తొచ్చారు.

కానీ చచ్చిన గొడ్డుని ఎవరో ఒకరు తియ్యాలి. తోలు ఎవరో ఒకరు వలవాలి, సమురాయ్‌కి కవచమూ జీనూ కావాలి కదా. ఆ పని చేసేవాళ్లని ఎతా అన్నారు. ఆ మాట రాసే అక్షరాలకి 'మైల నిండినవాళ్లు' అని అర్థం. ఊరి అవతల ఉంచారు. ఎదోలో, అంటే పాత టోక్యోలో, వీళ్ల మీద అధికారి దాన్‌జాఎమోన్ అని వంశపారంపర్యంగా ఒకాయన ఉండేవాడు, ఆయన ఇల్లు అసకుసలో. 1871లో మెయ్‌జీ సర్కారు ఎతా అనే పేరు రద్దు చేసింది. మరుసటి ఏడు, 1872లో, చక్రవర్తి తనే గొడ్డు మాంసం తిన్నట్టు లోకానికి చాటారు. అప్పట్నించీ దేశమంతా మాంసం నాగరికత అయిపోయింది. తినడం గౌరవం అయింది కానీ, కోసేవాళ్ల మైల పోలేదు. ఇప్పుడు వాళ్లని బురాకు జనం అంటారు, బురాకు అంటే వాడ, పల్లె. 1922 మార్చి 3న క్యోతోలో వాళ్లే సుయిహెయ్‌షా పెట్టుకున్నారు. మొహంలో, భాషలో, పేరులో తేడా ఏమీ లేదు వాళ్లకి. ఊరు అడిగితేనే తెలుస్తుంది. 1975లో బయటపడింది, బురాకు వాడల పేర్లన్నీ అచ్చేసిన జాబితాలు కంపెనీలు దొంగచాటుగా కొనుక్కున్నాయని, ఉద్యోగానికొచ్చినవాడి అడ్రసు అందులో ఉందో లేదో చూసుకోవడానికి.

"మీదే ఊరు? ఊళ్లో ఎటువైపు?" ఈ రెండు ప్రశ్నలతో మన వాళ్లు చేసే పనికి వాళ్లు పుస్తకం అచ్చేశారు.

అంబేద్కర్ 1948లో అంటరానివాళ్ల పుట్టుక మీద రాసిన పుస్తకంలో గొడ్డు మాంసాన్నీ అంటరానితనాన్నీ ముడిపెట్టిన సంగతి మన స్టడీ సర్కిల్లో పదిసార్లు చెప్పినవాణ్ణి నేను. ఆ ముడి సముద్రం అవతల కూడా ఒకటుందని వెజ్ రామెన్ వెతుక్కుంటూ తెలుసుకున్నా. మొదటి పేరున్న రామెన్ షాపు రాయ్‌రాయ్‌కెన్ 1910లో పెట్టింది కూడా అసకుసలోనే, యొకొహామా నుంచి చీనా వంటవాళ్లని తెచ్చి. అసకుసలో ఇప్పటికీ చెప్పుల పరిశ్రమ ఉంది. ఒక ఆదివారం ఆ సందుల్లో తిరిగి, తోళ్లమ్మే కొట్టు ముందు చాలాసేపు నిలబడ్డా. నాయనకి తోలు చూపిస్తే వేలితో నొక్కి ఏ గొడ్డుదో చెప్పేవాడు.

షినగావా స్టేషన్‌లో కోనన్ వైపు దిగితే అద్దాల మేడలు. వాటి మధ్యలోనే ఉంది టోక్యో మాంసం మార్కెట్టు, షిబౌరా అంటారు. నగరానికి మాంసం అక్కడ్నించే పోద్ది. దాంట్లో ఒక చిన్న ప్రదర్శనశాల ఉంది, జంతువుని ఎట్లా కోస్తారు, ఏ భాగం దేనికి పోద్ది అన్నీ పెట్టారు. అక్కడ పనిచేసేవాళ్లకి వచ్చిన బూతు ఉత్తరాలు కూడా పెట్టారు. దాచుకోకుండా గోడకి పెట్టారు. నాకు జపాను చదవడం రాదు, నాతో వచ్చినామె రెండు లైన్లు చదివి చాలు అంది. నేనూ చాలన్నా. అర్థం కావడానికి అనువాదం అక్కర్లేని ఉత్తరాలు అవి. రోజూ ఆ పని చేసేవాళ్లని తిడుతూ ఉత్తరం రాసినవాడు ఆ రాత్రి ఏం తిని పడుకున్నాడో.

ఆ షాపు పెద్దాయన గిన్నెలోకి వచ్చే బొమికలకి ముందు ఒక మనిషి ఉన్నాడు. లీడు గారి శుద్ధి జాతికి ముందు కూడా ఒక మనిషి ఉన్నాడు. చెబుదామనుకున్నా. నాలుగు రోజులు మనసులో వాక్యాలు కూర్చుకున్నా. చెప్పలేదు. ఫ్లాటులో వంటగది ఇంకా ఒక్కటే.

డిసెంబరులో లీడు గారి అమ్మగారు వచ్చారు, కొడుకు ఉన్న దేశం చూడటానికి. డెబ్భై దాటింది. మోకాళ్ల నొప్పులు, నేతచీర మీద మగవాళ్ల స్వెట్టరు. మంచి మనిషి. నాకు ఉప్మా చేసి పెట్టేది, "ఒంటరి కుర్రాడివి" అని. ఆమెకి ఆ నూడుల్సు తినాలని కోరిక. ఉల్లి తింటుంది, ఏకాదశికి మానేస్తుంది. ఆ శనివారం లీడు గారికి క్లయింట్ కాల్ పడింది. నన్ను తీసుకెళ్లమన్నారు.

టీస్ తాన్‌తాన్‌లో గోడ పక్క బల్ల దొరికింది. నేను తాన్‌తాన్ రెండు చెప్పా, ఒక ప్లేటు గ్యోజా, కూరగాయల కూరుతో పెనం మీద కాల్చిన కజ్జికాయల్లాగుంటాయి. ఆమెకి పుల్లలతో తినడం రాలేదు, ఫోర్కు అడిగి తెచ్చా. మిరప నూనె చూసి సంబరపడింది. "మన కారమే!" అంది. గ్యోజా ఒకటి తుంచి సగం తను తిని, బాగుందని ఇంకోటి తీసి నా గిన్నె అంచున పెట్టింది. ప్లేటు మధ్యలో ఉంది, ఇద్దరం తీసుకుంటున్నాం.

"మీరేవిట్లు నాయనా?"

ఎంత మామూలుగా అడిగిందంటే, పిల్లలెంతమంది అని అడిగినట్టు. నాకు కోడి, మేక, చేప గుర్తొచ్చాయి.

"మాదిగలం అమ్మా" అన్నా.

ఆమె "అహా" అంది. తర్వాత కాసేపు నూడుల్సు తింది. మా అబ్బాయి చెప్పలేదే అంది, నన్ను కాదు, తనలో తనే. మీ అబ్బాయి గారికి తెలీదమ్మా అన్నా. మీ అమ్మా నాన్నా ఏం చేస్తారు, చెల్లెళ్లున్నారా, అన్నీ అడిగింది. గొంతులో తేడా లేదు. గిన్నె పూర్తిగా తింది, చారు కూడా. ప్లేటులో రెండు గ్యోజాలు మిగిలాయి. తీసుకోండమ్మా అంటే, చాలు నాయనా కడుపు నిండింది, నువ్వు తిను అంది.

నిజంగా కడుపు నిండి ఉండొచ్చు. డెబ్భై ఏళ్ల మనిషి, పెద్ద గిన్నె. ఇన్నేళ్లయినా నాకు తేలలేదు, తేల్చుకునే దారి కూడా లేదు. వివక్ష ఎప్పుడూ చూరులో గ్లాసులాగా కనపడదు తమ్ముళ్లూ. రెండు గ్యోజాల్లాగా ఉంటుంది, అదో కాదో నువ్వే రాత్రంతా లెక్కేసుకోవాలి. ఆ రెండూ నేను తిన్నా. చల్లారిపోయాయి.

బయటికొచ్చే దారిలో ఎస్కలేటరు. ఆమెకి భయం. నా ముంజేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది, పైకి వచ్చేదాకా వదల్లేదు. పైకొచ్చాక కూడా జనం మధ్య అట్లాగే పట్టుకుని నడిచింది, మెట్రో గేటు దాకా.

సోమవారం ఆఫీసులో లీడు గారు మామూలుగానే ఉన్నారు. నెల తర్వాత ఫ్లాటులో ఉన్న ఇద్దరూ వేరే ఇల్లు చూసుకున్నారు, స్టేషన్‌కి దగ్గరని. వంటగది నాకొక్కడికే మిగిలింది. ఆ ఆదివారం షాపుకెళ్లి బొమికలు కొన్నా. ప్యాకెట్ మీద అక్షరం చదవగలిగా. పొద్దున పెట్టిన మంట సాయంత్రం దాకా ఉంచా, కిటికీ తెరిచే.

చెల్లీ, నీకు కావాల్సింది ఇది. టోక్యో స్టేషన్‌లో, గేటు లోపల కెయో స్ట్రీట్, టీస్ తాన్‌తాన్. వాళ్లదే మొదటి హోటలు జియుగఒకలో ఉంది. న్యూ టచ్ కంపెనీ వాళ్లతో కలిసి చేసిన వీగన్ నూడుల్ కప్పులు సూపర్ మార్కెట్లలో దొరుకుతాయి, గదిలో వేడినీళ్లు పోసుకుంటే చాలు. గుళ్ల దగ్గర షోజిన్ ర్యోరి అనే బౌద్ధ సన్యాసుల భోజనం పెడతారు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండదు, ఖరీదు ఎక్కువ, స్కాలర్‌షిప్ డబ్బుతో ఒక్కసారే. షాపులు మారుతుంటాయి, మెనూలు మారుతుంటాయి, పోయే ముందు ఒకసారి చూసుకో. నిషి-కసాయ్‌లో ఇల్లు తీసుకుంటే పప్పులూ పచ్చళ్లూ సులువు, ఆ రెండో ప్రశ్న కూడా సులువుగానే వస్తది, అది ఆలోచించుకుని తీసుకో.

గ్రూపులో నువ్వు వీగన్ అని చెప్పు. నవ్వితే ముందు నన్ను ట్యాగ్ చెయ్యి. ఆ తమ్ముడికి కూడా ఈ పోస్టు పంపిస్తున్నా, క్షమాపణ ఫోన్లో విడిగా చెప్పా, ఇక్కడ కూడా చెబుతున్నా.

కంజి అక్షరాలు రాసుకున్న ఆ కాయితం ఇంకా నా పర్సులోనే ఉంది, మడతల దగ్గర చిరిగింది. పంది, గొడ్డు, కోడి, చేప, గుడ్డు, పాలు అన్నీ ఉన్నాయి. ఫోటో తీసి పంపిస్తా. ఫ్లైటు తారీఖు తెలియగానే మెసేజ్ పెట్టు.

జై భీమ్.